మొక్క ఎందుకు పోయిందో చూద్దాం

(విశాఖపట్నం ఎంవీపీ కాలనీలో, శ్రావణమాసంలో ఒక ఆదివారం సాయంత్రం, మేడ మీద కూరగాయలు పెంచుకునేవాళ్లు కలుసుకున్నప్పుడు చేసిన ప్రసంగం.)

అందరికీ నమస్కారం. వెనక నిలబడ్డవాళ్లు ముందుకు రండి, ఈ వరసలో కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. మబ్బు పట్టింది. వాన దిగేలోపు అసలు సంగతికి వచ్చేస్తాను.

మొక్కలు పెంచేవాళ్లం నలుగురం కలిస్తే ఒక మాట తప్పకుండా వినిపిస్తుంది. "మీ చెయ్యి మంచిదండీ, మా చేతికి మొక్క బతకదు." ఇవాళ గుమ్మం దగ్గరే ఒకరు నాతో అన్నారు. నేను ఈ మాటను ఒప్పుకోను. ఆ మాట అనుకున్నాక మనిషి ఇక వెతకడం మానేస్తారు. మన రాత ఇంతే అనుకుని కుండీ బోర్లించి ఓ మూల పెట్టేస్తారు. ఆ మట్టి తిరగేసి చూస్తే కారణం అక్కడే దొరుకుతుంది. వేరు కుళ్లిందా, ఉప్పు పేరిందా, కాండంలో పురుగు దూరిందా, అసలు ఆ నెలలో వెయ్యాల్సిన మొక్కేనా. చాలా ఇళ్లల్లో ఈ చివరిదే అసలు కారణం.

టమాటాతో మొదలుపెడతాను. ఎక్కువమంది మనసు విరిగేది దాంతోనే. సంక్రాంతి రోజుల్లో ఎవరో మేడ మీద గుత్తులు గుత్తులుగా కాసిన టమాటా ఫొటో వాట్సాప్‌లో పెడతారు. అది చూసి ఫిబ్రవరి నెలాఖరుకి మనమూ నారు తెచ్చి నాటుతాం. మొక్క ఏపుగా వస్తుంది. ఏప్రిల్‌లో నిండా పూత. ఆ తర్వాత పొద్దున్నే వెళ్లి చూస్తే పూల కాడలు మధ్యలో ఉన్న కణుపు దగ్గర పసుపురంగుకి తిరిగి, ముట్టుకుంటే రాలిపోతుంటాయి. ఎరువు చాలలేదేమోనని ఎరువు వేస్తాం. కాల్షియం అన్నారని కోడిగుడ్డు పెంకులు పొడి చేసి వేస్తాం. నర్సరీలో ఏదో టానిక్ ఇస్తే అదీ కొడతాం. ఒక్క పిందె నిలబడదు.

అక్కడ పని చేస్తున్నది వేడి. టమాటా పూత పిందెగా మారాలంటే రాత్రి చల్లబడాలి. రాత్రి 24 డిగ్రీలు దాటితే పుప్పొడి సరిగా పనిచేయదు, పగలు 35 దాటితే మరీ కష్టం. మన ఊళ్లో ఏప్రిల్, మే నెలల్లో రాత్రి ఎంతో మనందరికీ తెలుసు కదా, తెల్లవారుజామున కూడా 26, 27 ఉంటుంది. సముద్రం పక్కన ఉండటం వల్ల పగటి ఎండ విజయవాడంత మండదు, కానీ రాత్రి చల్లదనం కూడా మనకు దొరకదు. డిసెంబరు, జనవరి నెలల్లో మాత్రం 18, 20 దగ్గరకు దిగుతుంది. విశాఖలో టమాటాకి అదే కాలం. అంటే నారు పోసుకోవాల్సింది వినాయక చవితి అటూ ఇటూగా. నెల తిరిగేసరికి నాటుకి వస్తుంది. అక్టోబరు గాలివానలకి లేత మొక్కను గోడ చాటున ఉంచి, దీపావళి ముందు పెద్ద కుండీలోకి మార్చండి. డిసెంబరు నెలాఖరు నుంచి ఫిబ్రవరి దాకా మీరు బజారులో టమాటా కొనక్కర్లేదు. అదే మనిషి, అదే చెయ్యి, అదే మట్టి. మారింది నెల ఒక్కటే.

చలికాలం టమాటాలో ఒక బాధ మాత్రం ఉంటుంది. కాయ పచ్చిగా, నున్నగా, ఎంతో బాగుంటుంది. కోసి తిప్పి చూస్తే అడుగున రూపాయి బిళ్లంత నల్లమచ్చ, తోలు లాగా గట్టిపడి ఉంటుంది. ఇది తెగులనుకుని మందు కొట్టేవాళ్లున్నారు. తెగులు కాదు. కాయకి కాల్షియం అందకపోతే ఇలా అవుతుంది. మట్టిలో కాల్షియం ఉండొచ్చు, కానీ అది నీటితో పాటే కాయదాకా వెళ్తుంది. నీరు తెగిపోతే అదీ తెగిపోతుంది. మన ఊళ్లో ఇది ఎక్కువగా ఎప్పుడు కనిపిస్తుందో గమనించారా? సంక్రాంతి వెళ్లిన వారం పది రోజులకి. పండక్కి నాలుగు రోజులు ఊరెళ్తాం. కుండీలు ఎండిపోతాయి. తిరిగొచ్చి అయ్యో అనుకుని బకెట్లతో పోసేస్తాం. ఊరెళ్లే ముందు కుండీలను గోడ నీడకి జరిపి, పైన ఎండుటాకులో కొబ్బరి పీచో మందంగా పరిచి, పక్కింటి వాళ్లకి తాళం ఇచ్చి వెళ్లండి. అంతకు మించిన మందు లేదు.

ఇక ఉప్పు గురించి చెప్పాలి. ఇది మన ఊరి సమస్య, ఎవరి వీడియోలోనూ సరిగా చెప్పరు. ఆ వీడియోలు చేసేవాళ్లలో ఎక్కువమంది సముద్రానికి ఎంతో దూరంలో ఉన్నారు. లాసన్స్ బే కాలనీ, పెదవాల్తేరు, బీచ్‌రోడ్డు వెంబడి మేడల మీద సాయంత్రం పిట్టగోడ మీద చెయ్యి వేస్తే జిగటగా తగులుతుంది. ఆ జిగట ఆకుల మీదా ఉంటుంది. మా చెల్లెలు గోపాలపట్నంలో ఉంటుంది. ఒకే పొట్లంలో ఫ్రెంచ్ బీన్స్ గింజలు ఇద్దరం పంచుకున్నాం. దాని ఇంట్లో పళ్లెం నిండా కాశాయి. మా ఇంట్లో ఆకుల అంచులు మాడి, మొక్క గిడసబారిపోయింది. బీన్స్, ఉల్లి, క్యారెట్ ఉప్పుని అసలు ఓర్చుకోలేవు. పాలకూర, బీట్‌రూట్ బాగా ఓర్చుకుంటాయి. బచ్చలి, మునగ మా మేడ మీద ఏ ఏడూ ఇబ్బంది పడలేదు. సముద్రానికి దగ్గరగా ఉన్నవాళ్లు ముందు వీటితో మొదలుపెట్టండి.

గాలి ఒక వంతయితే, నీళ్లు మూడు వంతులు. తీరం వెంబడి చాలా అపార్ట్‌మెంట్లలో బోరు నీళ్లు ఉప్పగా ఉంటాయి. నేలలో మొక్క అయితే వానకి ఆ ఉప్పు లోతుకి దిగిపోతుంది. కుండీలో అలా కాదు. పోసిన నీరు ఆవిరైపోతుంది, అందులోని ఉప్పు మట్టిలోనే ఉండిపోతుంది. రోజూ కొంచెం, రోజూ కొంచెం. ఇంటికెళ్లాక మీ పాత కుండీల అంచులు చూడండి. లోపలి వైపు, మట్టికి కొంచెం పైన, తెల్లగా పొర కట్టి ఉంటుంది. గోటితో గీకితే పొడిలా రాలుతుంది. సిమెంటు కుండీలో, మట్టి కుండీలో అయితే బయటి గోడకే తెల్లగా పూస్తుంది. అది కనిపించిందంటే ఆ మట్టిలో వేరు దాహంతో ఉన్నట్టే. తడి ఉంటుంది, కానీ ఆ తడిని వేరు లాక్కోలేదు. అందుకే మట్టి తడిగా ఉన్నా ఆకు వాడుతుంది. ఆకు కొస నుంచి, అంచుల నుంచి గోధుమరంగులో మాడుతుంది. అది చూసి బలం తగ్గిందని యూరియా వేస్తారు. ఎరువు కూడా ఒక రకం ఉప్పే. అప్పటిదాకా లాక్కొచ్చిన మొక్క దాంతో పోతుంది.

దీనికి ఖర్చు లేని మందు ఇప్పుడు మన నెత్తి మీదే ఉంది. ఈ వానల్లో కుండీలన్నీ ఆరుబయట పెట్టండి. కింది కన్నాలు మూసుకుపోయాయేమో ఒక పుల్లతో పొడిచి చూడండి. నాలుగు మంచి వానలు పడి అడుగు నుంచి నీరు బయటికి పోతే, వేసవంతా పేరిన ఉప్పు కడుక్కుపోతుంది. వానల్లో పోషకాలూ కొంత పోతాయి కాబట్టి తర్వాత రెండు గుప్పెళ్ల వర్మీకంపోస్ట్ వెయ్యండి. మిగతా కాలంలో ఏసీ నుంచి కారే నీళ్లు పట్టండి. గాలిలోని తేమే అలా నీరవుతుంది, అందులో ఉప్పు దాదాపు ఉండదు. మన ఊరి ఉక్కకి ఒక్క ఏసీ రాత్రికి బకెట్ నింపేస్తుంది. ఆర్వో యంత్రం నుంచి వచ్చే వృథా నీళ్లు మాత్రం కుండీలకి పోయకండి. వడకట్టిన ఉప్పంతా ఆ నీళ్లలోనే ఉంటుంది. ఇల్లు తుడవడానికి వాడుకోండి. నీళ్లలో ఉప్పు ఎంత కరిగి ఉందో చూపించే టీడీఎస్ మీటరు కొన్ని వందలకే దొరుకుతుంది. అపార్ట్‌మెంట్ మొత్తానికి ఒకటి కొనుక్కోండి. 500 లోపు ఉంటే నిశ్చింతగా పోయొచ్చు. వెయ్యి దాటితే మాత్రం కార్పొరేషన్ నీళ్లతో కలిపి పోయాలి.

కొబ్బరి పొట్టు గురించి కూడా ఇక్కడే చెప్పేస్తాను. మేడ మీద బరువు తగ్గడానికి అందరం వాడుతున్నాం, వాడాలి కూడా. కొన్ని రకాల్లో ఉప్పు బాగా ఉంటుంది. ఇటుకను నానబెట్టి, పిండి, ఆ నీళ్లు పారబోసి, మళ్లీ ఒకటి రెండు సార్లు కడిగాకే మట్టిలో కలపండి.

ఇప్పుడు ఒక దిష్టి కథ. మా వీధి చివర ఒకావిడ ఉన్నారు, ఇంటి ముందు చిన్న స్థలంలో గుత్తివంకాయ వేశారు. మొక్కలు నడుం ఎత్తు పెరిగి, పూత, పిందెలతో కళకళలాడేవి. ఒకరోజు పొద్దున్నే ఫోన్. "పిన్నిగారూ, ఒకసారి రండి, నా వంగమొక్కలకి ఎవరి కన్నో పడింది." వెళ్లి చూస్తే మూడు మొక్కలు నిలువునా వాలిపోయాయి. ఆకు ఆకుపచ్చగానే ఉంది, పసుపు లేదు, మచ్చ లేదు. నిన్నటిదాకా బాగున్న మొక్క రాత్రికి రాత్రి ఇలా అయితే దిష్టి అని ఎందుకు అనిపించదు?

నేను ఒక గాజు గ్లాసులో మంచినీళ్లు తెమ్మన్నాను. వాలిపోయిన మొక్క కాండాన్ని నేలకి కాస్త పైన కోసి, బెత్తెడు ముక్కని గ్లాసులో నీళ్లకి తగిలేలా నిలువుగా పట్టుకున్నాను. కదపకుండా రెండు మూడు నిమిషాలు. కోసిన చోటు నుంచి తెల్లగా, పాలలాంటి సన్నటి దారం ఒకటి నీళ్లలోకి దిగడం మొదలైంది. తర్వాత ఇంకొకటి. ఆవిడ కళ్లార్పకుండా చూస్తున్నారు. ఆ తెల్ల దారాలు బ్యాక్టీరియా. మట్టిలోంచి వేరులోకి దూరి, నీరు ఎక్కే గొట్టాల నిండా పెరిగి, దారి మూసేస్తాయి. పైకి నీరందదు, మొక్క పచ్చగా ఉండగానే వాలిపోతుంది. దీన్ని బ్యాక్టీరియా ఎండుతెగులు అంటారు. వేడి, తడి రెండూ కలిసిన చోట దానికి పండగ. మన ఊళ్లో రెండూ ఉన్నాయి.

ఇది పట్టిన మొక్కని బతికించే మందు లేదు. ఆవిడకీ అదే చెప్పాను. వేరుతో సహా పీకి, సంచిలో కట్టి చెత్తబండికి ఇచ్చేశారు. కంపోస్టులో వెయ్యనివ్వలేదు. వాడిన కత్తెర, తవ్వుగోల వేడినీళ్లతో కడిగించాను. ఆ జాగాలో మళ్లీ వంగ, టమాటా, మిరప వెయ్యకూడదు, మూడూ ఒకే కుటుంబం. మొక్కజొన్న, ఆకుకూరలు వేసుకోవచ్చు. వంగ మీద మమకారం చావకపోతే అంటు మొక్కలు దొరుకుతున్నాయి. ఉస్తికాయ మొక్క వేరు మీద వంగ కొమ్మని అంటుకడతారు. ఉస్తి వేరు ఈ తెగులుని బాగా తట్టుకుంటుంది. ఆవిడ ఇప్పుడు అంటు వంగ పెద్ద డ్రమ్ముల్లో కొత్త మట్టితో పెంచుతున్నారు. మొన్న వరలక్ష్మీ వ్రతం వాయనంలో నాకు ఆ వంకాయలే పెట్టారు. ఇంత సంతోషం నాకు ఈ మధ్య ఇంకో దాంతో కలగలేదు.

వంగలో ఒక్క కొమ్మ చివర మాత్రమే తలవాల్చి, మిగతా మొక్కంతా బాగుంటే అది వేరే సంగతి. లోపల పురుగు ఉంది. వాలిన చోటుకి రెండంగుళాలు కిందికి తుంచేసి, తుంచినదాన్ని నలిపి పారేయండి. కాయలోకి వెళ్లేది కూడా ఆ పురుగే. కింది ఆకులు మెల్లగా పసుపుబారుతూ వస్తే ముందు నీళ్లు ఎక్కువయ్యాయేమో చూడండి. మిరపలో ఆకు పైకి ముడుచుకుంటే తామర పురుగు, కిందికి ముడుచుకుంటే నల్లి. మొదటిదానికి లీటరు నీళ్లకి 5 మిల్లీలీటర్ల వేపనూనె, నాలుగు చుక్కల సబ్బునీళ్లు కలిపి సాయంత్రం కొట్టండి. రెండోదానికి నీళ్లలో కరిగే గంధకం లీటరుకి 3 గ్రాములు, అదీ మండుటెండలో వద్దు. బెండలో ఆకు ఈనెలు పసుపు వలలా అయితే అది వైరస్. తెల్లదోమ మోసుకొస్తుంది. ఆ మొక్కని జాలిపడకుండా పీకేయండి, పక్క మొక్కలు దక్కుతాయి.

ఇక పాదులు. "మా ఆనపపాదుకి పూలు విరగబూస్తున్నాయి, ఒక్క కాయ లేదు" అని అడిగేవాళ్లు ప్రతిసారీ ఉంటారు. ముందు కొన్నాళ్లు వచ్చేవన్నీ మగపూలే. అవి రాలిపోతాయి, రాలిపోవాలి. దిగులు పడనక్కర్లేదు. ఆ తర్వాత వచ్చే ఆడపువ్వుని పోల్చుకోవడం తేలిక. పువ్వు వెనకాల నూగుతో, బొటనవేలంత చిన్న ఆనపకాయ తయారుగా ఉంటుంది. ఆనపపువ్వు తెల్లనిది, సాయంత్రం దీపం పెట్టే వేళకి విచ్చుకుంటుంది. దాన్ని వెతుక్కుంటూ వచ్చేవి రాత్రిపూట తిరిగే రెక్కల పురుగులు. నాలుగో అంతస్తు మేడ మీదకి, ఇన్ని లైట్ల మధ్య, అవి ఎన్ని వస్తాయి? కాబట్టి ఆ పని మనం చెయ్యాలి. అప్పుడే విచ్చిన మగపువ్వుని కోసి, రేకలు తీసేసి, మధ్యలో పుప్పొడి ఉన్న భాగాన్ని ఆడపువ్వు మధ్యలో మెల్లగా అద్దండి. పుప్పొడి అంటిందో లేదో మీ వేలికే తెలుస్తుంది, పసుపు రాసినట్టు ఉంటుంది. పిందె కాడ రెండు మూడు రోజుల్లో కిందికి వంగి, పిందె మెరుస్తూ లావెక్కితే నిలిచినట్టు. బీరపువ్వూ సాయంత్రమే. కాకర, దోస, గుమ్మడి పొద్దున్న విచ్చుకుంటాయి, వాటికి తేనెటీగలు చాలావరకు సాయం చేస్తాయి. పొద్దున్న ఆఫీసు హడావిడి ఉన్నవాళ్లకి ఆనప, బీర ఎంతో అనుకూలమైన పాదులని నా అభిప్రాయం.

కాకరకీ బీరకీ పండు ఈగ బెడద ఉంటుంది. పిందె మీద సన్నటి సూదిపోటు, అక్కడ జిగురుబొట్టు కనిపిస్తే గుడ్లు పెట్టేసినట్టే. పిందె నిలిచిందని తెలియగానే కాగితం సంచి తొడిగేయండి. ఆ ఈగల్ని వాసనతో రప్పించి పట్టే క్యూలూర్ ఎర బుట్టలు విత్తనాల షాపుల్లో దొరుకుతాయి, అవీ పనిచేస్తాయి. పుచ్చిన కాయని మాత్రం మొక్క కింద వదిలేయకండి. లోపలి పురుగు మట్టిలోకి దిగి మళ్లీ ఈగై వస్తుంది.

ఇవాళ అన్నిటికంటే ఎక్కువ చెప్పాలనుకున్నది చిక్కుడు గురించి. మన ఇళ్లల్లో అమ్మమ్మల నుంచి వస్తున్న పందిరి చిక్కుడు జనవరిలో వేసినా, ఏప్రిల్‌లో వేసినా తీగ పరుగులు పెడుతుంది, ఆకు తప్ప పువ్వు కనపడదు. వేసవంతా నీళ్లు పోసి విసిగిపోయి, జూన్‌లో కోసేసినవాళ్లు నాకు తెలుసు. ఆ తీగకి పూతకాలం చెప్పేది రాత్రి. పగలు తగ్గి రాత్రి పొడుగైతేనే పూస్తుంది. జూన్ నెలాఖరులో మన ఊళ్లో పగలు 13 గంటలకు కాస్త ఎక్కువ, డిసెంబరు నెలాఖరుకి 11 గంటల దగ్గరికి తగ్గుతుంది. ఆ తేడాని చిక్కుడు కనిపెడుతుంది. ఆషాఢ శ్రావణాల్లో వేస్తే అక్టోబరుదాకా తీగ బలపడి, కార్తీకంలో పూత, ధనుర్మాసంలో కాయ. రథసప్తమికి చిక్కుడుకాయలతో రథం చేసి, చిక్కుడాకుల్లో పరమాన్నం పెడతాం కదా. ఆ నాటికి ప్రతి పెరట్లోనూ చిక్కుడు ఉండేది కాబట్టే ఆ పద్ధతి వచ్చిందని నా నమ్మకం. రాత్రి పొడవుతో పని లేని పొట్టి రకాలు బెంగళూరు ఉద్యాన పరిశోధన సంస్థ వాళ్లు తెచ్చారు, అర్కా జయ్, అర్కా విజయ్ అని. వాటిని ఏ కాలంలో అయినా కుండీలో వేసుకోవచ్చు. రుచికి మాత్రం నా ఓటు పందిరి చిక్కుడికే.

ఇంకో మాట, మీ ఇంటి వీధిలైటు వెలుగు రాత్రంతా ఆ పాదు మీద పడుతుంటే పూత ఆలస్యమవుతుంది. దాన్ని చీకటి మూలకి పాకించండి.

చలి మొదలవగానే చిక్కుడు లేత కొసలకి నల్లటి పేనుబంక పడుతుంది. వెంటనే మందు డబ్బా తియ్యకండి. ఆ గుంపు మధ్యలో నల్లగా, పొడుగ్గా, ఒంటి మీద నారింజ చుక్కలతో, ఆరు కాళ్లతో చురుగ్గా తిరిగే చిన్న పురుగు ఉందేమో చూడండి. చాలామంది దాన్నే శత్రువనుకుని నలిపేస్తారు. అది అక్షింతల పురుగు పిల్ల. రోజంతా పేనుబంకని తింటూనే ఉంటుంది. అది కనిపిస్తే వారం రోజులు ఆగండి. నీళ్లు గట్టిగా చిమ్మి కొన్నిటిని రాల్చండి చాలు. చీమలు బారులు కట్టి ఎక్కుతుంటే మాత్రం వాటి దారి ఆపాలి. పేనుబంక వదిలే తీపి కోసం చీమలు దానికి కాపలా కాస్తాయి.

అక్టోబరు అనగానే మన ఊళ్లో అందరికీ గుర్తొచ్చేది ఒకటే. 2014 అక్టోబరు 12. హుద్‌హుద్ తుపాను. ఆ రోజు గంటకు 170, 180 కిలోమీటర్ల గాలి ఊరి మీదుగా వెళ్లింది. మర్నాడు కైలాసగిరి ఎలా ఉందో ఇక్కడున్న పెద్దవాళ్లంతా చూశారు. పడిపోకుండా నిలబడ్డ చెట్లు కూడా ఆకు మాడి, నిప్పు తగిలినట్టు గోధుమరంగులోకి మారిపోయాయి. గాలి దెబ్బకి తోడు ఉప్పునీటి తుంపర. మా మేడ మీద పందిరి, డ్రమ్ములు, అరటి, ఏవీ మిగల్లేదు. కరెంటు లేదు, తాగడానికే నీళ్లు కరవు, మొక్కల గురించి ఎవరు ఆలోచిస్తారు? నీళ్లు వచ్చాక మోడుల్లా మిగిలినవాటి మీద మంచినీళ్లు చల్లి కడిగాం. ముందు బచ్చలి చిగురు వేసింది. తర్వాత కరివేపాకు, మొదలు దగ్గర నుంచి. మునగ మొదలంటా విరిగిపోయింది, ఆ మోడు నుంచే మళ్లీ కొమ్మలు. ఆ చిగుళ్లు చూడటానికి వీధిలో వాళ్లు మా మేడ ఎక్కేవారు.

2018లో తిత్లీ కూడా అక్టోబరులోనే వచ్చింది. శ్రీకాకుళం వైపు ఉద్దానం కొబ్బరి తోటల్ని పడగొట్టింది. అందుకని తుపాను హెచ్చరిక రాగానే మొదట చెయ్యాల్సింది షేడ్‌నెట్ విప్పెయ్యడం. అది గాలిని పట్టి, కట్టిన ఇనప గొట్టాలతో సహా లాక్కుపోతుంది. కింద నడిచేవాళ్ల మీద పడితే ప్రాణాలకే ముప్పు. పిట్టగోడ మీద ఒక్క కుండీ కూడా ఉంచకండి. చిన్న కుండీలు మెట్లగదిలోకి, పెద్దవి గోడ మూలకి. పాదుని పందిరి నుంచి విప్పి నేల మీద పడుకోబెట్టండి. గాలి పోయాక, వాన ఆగిన వెంటనే, ఆకులన్నీ మంచినీళ్లతో కడగండి. ఉప్పు ఎండేలోపు కడిగితే సగం మొక్కలు దక్కుతాయి.

బరువు గురించి ఒక్క నిమిషం. మనుషులు తిరిగే మేడకి చదరపు మీటరుకు 150 కిలోల భారం అనుకుని లెక్క కట్టడం మన దేశంలో ప్రమాణం. అడుగు లోతు మడి కట్టి మామూలు మట్టి నింపి తడిపితే చదరపు మీటరుకు 500 కిలోల దాకా వస్తుంది. పాత అపార్ట్‌మెంట్లలో మేడ మధ్యలో ఇటుక మడులు కట్టకండి. పెద్ద డ్రమ్ములు స్తంభాల మీద, దూలాల వెంబడి పెట్టండి. ఇంజినీరుకి ఒకసారి చూపించండి. దీంట్లో మొహమాటం వద్దు.

ఎరువులకి పెద్ద ఖర్చు అక్కర్లేదు. చేలో జీవామృతానికి 200 లీటర్ల నీళ్లకి 10 కిలోల పేడ, 2 కిలోల బెల్లం, 2 కిలోల పప్పుల పిండి వేస్తారు. మనకి అందులో పదో వంతు చాలు. 20 లీటర్ల నీళ్లు, కిలో ఆవుపేడ, లీటరు దాకా గోమూత్రం, పావుకిలోకి కాస్త తక్కువ అనకాపల్లి నల్లబెల్లం, అంతే శనగపిండి, గుప్పెడు మంచి మట్టి. నీడలో పెట్టి, పొద్దునా సాయంత్రం కర్రతో తిప్పి, మూడో రోజు నుంచి పదింతల నీళ్లు కలిపి పోసుకోండి. వారం దాటితే ఉంచకండి. వంటింటి చెత్త కంపోస్టు వాసన వస్తోందంటే తడి ఎక్కువైందని. ఎండుటాకులు, కొబ్బరి పొట్టు, అట్టముక్కలు కలపండి, రెండు రోజుల్లో వాసన పోతుంది.

(సభలో ఒకరు: "అమ్మా, ఇంత చేస్తే ఖర్చుకి గిట్టుబాటు అవుతుందా?")

మంచి ప్రశ్న, సూటిగా చెబుతాను. ఆకుకూరలకి బ్రహ్మాండంగా అవుతుంది. తోటకూర నెలలోపు కోతకొస్తుంది. బజారులో కొన్న బచ్చలి కట్టలోంచి నాలుగు ముదురు కాడలు గుచ్చితే ఏడాదంతా తింటారు. దొండకాడ ఒకటి పందిరెక్కితే వారానికో కూర. కరివేపాకు, పుదీనా, మిరప, నిమ్మగడ్డి, వీటికి మీరిక డబ్బు పెట్టరు. ఉల్లి, బంగాళాదుంప, క్యాబేజీ మేడ మీద వెయ్యడం నాకు ఇష్టం ఉండదు. పట్టే జాగా ఎక్కువ, వచ్చేది తక్కువ. మన రైతు బజారులో పల్లెల నుంచి వచ్చే రైతులు వాటిని మనకంటే బాగా పండిస్తారు, వాళ్ల దగ్గర కొనండి, బేరం ఆడకుండా కొనండి. ఒక బెండకాయ వెనక ఎంత పని ఉందో మేడ మీద మొక్క వేసినవాళ్లకి తెలుసు కదా.

వాన మొదలైంది, ముగించేస్తాను. ఆ బల్ల మీద పందిరి చిక్కుడు గింజలు పొట్లాలు కట్టి పెట్టాను, ఇంటికొకటి తీసుకోండి. రాత్రి నానబెట్టి రేపో ఎల్లుండో వేసేయండి. ఇంతకంటే ఆలస్యం చేస్తే తీగ బలపడకముందే పూత వచ్చేస్తుంది. పెద్ద డ్రమ్ముకి రెండే గింజలు, అంగుళం లోతు. మొలిచేదాకా నీళ్లు చేత్తో చిలకరించండి, గింజ కుళ్లకుండా ఉంటుంది. మాఘమాసంలో మంచి కాయలు నాలుగు తీగ మీదే ఎండనిచ్చి, ఆ గింజలు వచ్చే ఆషాఢానికి ఇక్కడికి తెచ్చి ఇవ్వండి. పూత రాకపోతే ఆకు ఒకటి, ఆ చోటు ఫొటో ఒకటి పట్టుకుని రండి, కలిసి చూద్దాం.